శ్రావణంలో ఖాళీ చేను

మంజీర పొంగి ఊళ్ళ మీద పడిన వరద తర్వాత అది అయిదో ఏడు. ఫాల్గుణ మాసం, మంగళవారం. పొద్దు బారెడెక్కింది. పటాన్‌చెరులో నర్సింహులు ఇంటి వెనక బావిలో నీళ్ళు నిండుగా ఉన్నాయి. బొక్కెన మాత్రం లేదు.

దాన్ని మొగులమ్మ దాచిపెట్టింది.

ముందు రెండు గదుల్లో కిరాయికి ఉండే కమలాకుమారి ఖాళీ బిందె చంకన పెట్టుకుని గిలక కింద నిలబడి చాలాసేపయింది.

"పిన్నిగారూ, చేద ఏదండీ?"

"నాకేమెరుక?" వంటింట్లోంచి మొగులమ్మ గొంతు వచ్చింది. "ఆకాశంల కెల్లి ఫొటోలు తీసెటోళ్ళు గద మీరు. ఆడికెల్లే సూడుండ్రి. బొక్కెన యాడుందో కనబడ్తది."

"ఆయన తప్పు రాస్తే ఆయన్ని తిట్టండి. నీళ్ళేం చేశాయండీ?"

"నీళ్ళు నా బాయిల నీళ్ళు. చేను నా చేను. నా చేనును బీడని రాసిన చెయ్యికి నా నీళ్ళెందుకు?" మొగులమ్మ పిండి చేతులతోనే గడపలోకి వచ్చింది. "మూడేండ్ల సంది ఒక్క కడుపుల పుట్టినట్టుంటిమి. పప్పొండితే గిన్నెడు మీకు. సల్ల చేస్తే చెంబెడు మీకు. ఆ సల్ల తాగే గద రాసిండు మీ ఆయన!"

"మేమూ ఊరికే తినలేదు పిన్నిగారూ. ఆవకాయ పెట్టినప్పుడల్లా జాడీడు మీకిచ్చాను."

"ఇచ్చినవ్ తల్లీ. ఆ కారానికి మూడ్రోజులు కండ్లకెల్లి నీళ్ళు గారినయ్!"

అరుగు మీద నర్సింహులు ఈ మాటలన్నీ వింటున్నాడు. ఆయన నోట్లోంచి మాట ఊడిపడాలంటే పండగ రావాలని వాడకట్టులో అంటారు. నిన్న సంగారెడ్డి కచేరీ నుంచి వచ్చిన దగ్గర్నుంచి ఆ నాలుగు మాటలు కూడా పోయాయి.

బొంబాయి రోడ్డు పక్కన ఎనిమిదెకరాల చేను ఆయనది. కొత్త కంపెనీలకు జాగా ఇవ్వడానికి పనికిరాని బీడు భూములన్నీ ఏరి పట్టీ తయారు చేశారు. అందులో ఆయన చేను ఎక్కింది. నిన్న పహణీ తీసుకెళ్ళి చూపించాడు. ఏటా జొన్న పండినట్టు అందులో రాసి ఉంది.

"రాసెటోడు మీ ఊరోడేనాయె," అన్నాడు అక్కడి మనిషి. "ఆకాశం నుంచి తీసిన ఫొటోకు చుట్టాలుండరు పెద్దాయనా. సోమవారం విచారణ. ఏమన్న చెప్పుకునేది ఉంటే ఆరోజు చెప్పుకో."

పోనీ, ఇప్పుడే వచ్చి చూడండి అందామంటే కోతలైపోయాయి. చేను బోడిగా ఉంది. ఇప్పుడు దేవుడొచ్చి చూసినా బీడే అంటాడు.

ఆ పట్టీ వెనక మరో కాగితం కుట్టి ఉంది. చేను చూసి రాసిన మనిషి సంతకం దాని మీద ఉంది. సూర్యారావు. తన ముందు గదుల్లో ఉండే సూర్యారావే.

నర్సింహులు లేచాడు. జొన్నల గుమ్మి వెనక చెయ్యి పెట్టి బొక్కెన తీశాడు. చేంతాడు కట్టి, తానే తోడి, కమలాకుమారి బిందె నింపాడు.

"ఏమయ్యా!" మొగులమ్మ గొంతు లేచింది. "చేను పోతుంటే నీళ్ళు తోడి పోస్తున్నవా?"

"పోయినేడు నీకు టైఫాయిడ్ అచ్చినప్పుడు ఇరవై ఒక్క దినాలు నీ తల దువ్వింది ఎవరే?" అన్నాడు నర్సింహులు.

అంతే అన్నాడు. అప్పుడు కూతురు గుమ్మడిదలలో పురిటి మంచం మీద ఉంది, రాలేకపోయింది. గంజి కాచి పోసింది, చెమట తుడిచింది ఈ గోదారి పిల్లే.

"అది వేరే, గిది వేరే," అంది మొగులమ్మ. కానీ ఆమె గొంతు తగ్గింది.

కమలాకుమారి నిండిన బిందె ఎత్తుకోలేదు. అక్కడే కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సూర్యారావు గదిలోంచి బయటికొచ్చాడు. ముప్పై ఏళ్ళవాడు. హైదరాబాదులో ఉపగ్రహం పంపే ఫొటోలు చదివే ఆఫీసులో పని. ఊళ్ళు తిరిగి ఏ చేలో ఏముందో కాగితం నింపుకురావడం అతని వంతు. ఆరేళ్ళుగా టెంపరరీ. రాత్రంతా నిద్రపోయినట్టు లేడు.

"బాబాయిగారూ, ఆ సంతకం నాదేనండి."

నర్సింహులు తలూపాడు.

"శ్రావణంలో చూశానండి. మా గోదారి దిక్కున శ్రావణంలో నాట్లు పడని నేల ఉందంటే అది దేనికీ పనికిరాని నేలేనండి. మీ చేలో గడ్డిపరక కూడా లేదు. అందుకని బంజరని రాశాను."

నర్సింహులు అతని మొహంలోకి చూశాడు. ఉన్నట్టుండి నవ్వొచ్చింది. రెండు రోజుల్లో మొదటి నవ్వు.

ఆయన చెప్పాల్సింది మొగులమ్మే అందుకుంది. "ఓ పిచ్చి అయ్యా! నల్లరేగడిల వానకాలం ఎవడన్న విత్తుతడా? ఎడ్లు మోకాళ్ళ దాక దిగబడ్తయ్. నాలుగు నెలలు నేల నీళ్ళు తాగాలె. మనం గుంటుక తోలుకుంట గడ్డిని సంపుకుంట కూసోవాలె. దసర ఎల్లినంక జొన్న ఏస్తం. ఇగ ఒక్క తడి పెట్టేది లేదు, తాగిన నీళ్ళతోనే పండుతది. గడ్డిపరక లేదంటివి, గడ్డిపరక లేకుంట చేసేతందుకే గద మా నడుములు ఇరిగింది!"

"నాకిప్పుడే తెలిసిందండి పిన్నిగారూ."

"మూడేండ్లు నా జొన్నరొట్టె తిన్నవ్. యాడ పండిందనుకున్నవ్, బజార్లనా?"

ఎప్పుడూ అడగాలని తోచనే లేదు సూర్యారావుకు.

"ఒక్క మీ చేను దిద్దితే అయిపోయేది కాదండి ఇది," అన్నాడు. "ఆ ఫొటోలు చదివేది మనిషి కాదు. కంప్యూటరని ఒక మిషను. దానికి చేనూ తెలీదు, చెరువూ తెలీదు. మేం ఒక చోటు చూపించి, ఇది పంట, ఇది నీళ్ళు, ఇది బంజరు అని నేర్పాలి. ఆ చోటు ఎంత నలుపో ఎంత మెరుపో అంకెల్లో గుర్తు పెట్టుకుంటుంది. అవే అంకెలు మళ్ళీ ఎక్కడ తగిలినా అదే పేరు పెట్టుకుంటూ పోతుంది. బంజరంటే ఇలా ఉంటుందని దానికి చూపించింది మీ చేనేనండి."

"అయితే?"

"ఈ రోడ్డు పొడుగునా ఉన్న నల్లరేగడంతా బంజరనే రాసింది."

"మా పక్క చేను, బీరమ్మది?"

"అదీనండి."

పొయ్యి మీద రొట్టె మాడుతున్న వాసన వచ్చింది. మొగులమ్మ కదల్లేదు.

నర్సింహులుకు ఆ శ్రావణం పగలు కళ్ళ ముందుకొచ్చింది. తుంపర పడుతోంది. సూర్యారావు సైకిలు గట్టుకు ఆనించి, కాగితం తడవకుండా గొడుగు కింద పెట్టి రాస్తున్నాడు. పక్కనే తాను.

"నువ్వు నన్నడిగినవ్," అన్నాడు మెల్లగా.

"అడిగానండి. ఇందులో ఏమీ వేయలేదా అని."

"నేను లేదన్న."

"అన్నారండి."

"ఎందుకు లేదో చెప్పలే."

మొగులమ్మ మెడ గిర్రున మొగుడి వైపు తిరిగింది. "ఏందీ? నువ్వు పక్కకే ఉన్నవా? నిన్ను అడిగే రాసిండా?"

నర్సింహులు పలకలేదు.

"ఇగో, మళ్ళ మూగనోము పట్టిండు! ఒక్క మాట ఖర్చు పెడితే ఏం పోతుండె నీది? దసర ఎల్లినంక ఏస్తం బిడ్డా అంటే నోట్ల పండ్లు రాలుతుండెనా? నలభై ఏండ్లు ఏగిన గీ మనిషితోని. కూరల ఉప్పు ఎక్కువైందా తక్కువైందా కూడ చెప్పడు. నేను మొఖం సూసి తెలుసుకోవాలె. నా తీర్గ ఆ మిషను గూడ నీ మొఖం సూసి తెలుసుకుంటదా?"

కమలాకుమారికి కన్నీళ్ళలోనే నవ్వొచ్చింది, గభాల్న ఆపుకుంది. మొగులమ్మ చూసింది. చూసీ ఏమీ అనకుండా, మాడిన రొట్టె తియ్యడానికి లోపలికి పోయింది.

"నడువ్," అన్నాడు నర్సింహులు చెప్పులేసుకుంటూ. "మీ సారు దగ్గరికి పోదాం."

*

ఆఫీసులో సారు పేరు త్రినాథరావు. నర్సింహులు తలుపు దగ్గరే ఆగితే, ఆయన లేచొచ్చి కుర్చీ జరిపి కూర్చోమన్నాడు. చాయ్ తెప్పించాడు. కచేరీల చుట్టూ తిరిగిన ఇన్నేళ్ళలో నర్సింహులును కూర్చోమన్న మనిషి ఈయనే. వచ్చిన పని అయినా కాకపోయినా ఈ చాయ్ మరిచిపోకూడదని అనుకున్నాడు.

బల్ల మీద దుప్పటంత నక్షా కాగితం పరిచారు. దాని నిండా గుర్తులే. పంటకు చుక్కగుర్తు, నీళ్ళకు అడ్డగీత, బంజరుకు సున్నా. ఒక్కో గుర్తు ఎకరం కంటే కాస్త ఎక్కువ.

"ఇది మీ ఊరి చెరువు," అని త్రినాథరావు గీతల గుంపు చూపించాడు. "ఇది బొంబాయి రోడ్డు. ఇదిగో, ఇక్కడ మీ చేను."

ఏడు సున్నాలు.

నర్సింహులు వాటి మీద వేలు పెట్టి చూశాడు. తండ్రి చేతిలోంచి మేడి అందుకున్నప్పుడు తనకు పదహారేళ్ళు.

"గా ఫొటో ఎప్పటిది సార్?"

"శ్రావణంలోది. వానాకాలమంతా మబ్బులు. ఆ ఒక్క పూట తెరిపి దొరికింది. దాన్నే పట్టుకున్నాం." త్రినాథరావు సొరుగులోంచి ఇంకో ఫొటో తీసి వెలుతురుకు పట్టాడు. "ఇది మార్గశిరంలోది. ఇందులో ఆకు పచ్చగా రాదు. ఎంత ఏపుగా ఉంటే అంత ఎర్రగా వస్తుంది. మీ చేను చూడండి."

నర్సింహులు కళ్ళు చికిలించి చూశాడు. చెరువు నల్లగా ఉంది. రోడ్డు వెంట్రుకలా ఉంది. దాని పక్కన, కుంకుమ అద్దినట్టు, ఎర్రటి మరక.

"నడుం దాక ఉండె సార్," అన్నాడు. "గప్పుడు జొన్న నా నడుం దాక ఉండె. కంకి పట్టినంక చిలుకల్ని కొట్టలేక సచ్చినం."

అంత ఎత్తు నుంచి, తనకు తెలియకుండా, ఎవరో తన జొన్నను చూశారు. దానికి నమస్కారం పెట్టాలనిపించింది. ఎవరికి పెట్టాలో తెలియక త్రినాథరావుకే పెట్టాడు.

"నాకెందుకండీ పెద్దాయనా," అన్నాడాయన ఇబ్బందిగా. "మేం చేసిన తప్పిది. రెండు ఫొటోలూ కలిపి చదివించాల్సింది. ఈ విద్య మాకూ కొత్తే."

తర్వాత ఆయన సూర్యారావు వైపు తిరిగాడు. గొంతు మారింది.

"శుక్రవారం పొద్దున మిషను మనకు రెండు గంటలు దొరుకుతుంది. కొత్త నమూనాలిస్తే మళ్ళీ చదివిస్తాను. సోమవారం విచారణకు కొత్త నక్షా అందుతుంది. అందులో రెండు చిక్కులున్నాయి. ఒకటి, పాత నక్షా పై ఆఫీసుకు వెళ్ళిపోయింది. తప్పని రాయాలంటే ఎవరి తప్పో రాయాలి. నీ పర్మినెంటు కాగితం ఈ నెలలో పైకి పోవాల్సినవాటిలో ఉంది సూర్యారావ్. రెండూ ఒకే బల్ల మీదకు వెళ్తాయి."

"కాగితం ఇవ్వండి సార్," అన్నాడు సూర్యారావు.

"ఇంటికెళ్ళి ఆలోచించుకో."

"ఆలోచిస్తే రాయలేనండి. ఇప్పుడే ఇవ్వండి."

కూర్చోకుండా, బల్ల మీదకి వంగి, నాలుగు వరుసలు రాశాడు. కింద సంతకం చేశాడు. నర్సింహులు ఆ చేతినే చూస్తున్నాడు. నిన్న సంగారెడ్డిలో చూసిన సంతకం, ఇదీ ఒక్కటే. నిన్న ఆ సంతకాన్ని తిట్టుకున్నాడు.

"రెండోది?" అన్నాడు సూర్యారావు.

"అన్నీ పంటచేలే అని రాసుకొచ్చావనుకో, మిషను ఊరంతా పంటే అంటుంది. అప్పుడు కచేరీవాళ్ళు నవ్వి అవతల పారేస్తారు. నిజమైన బంజరు కూడా దానికి చూపించాలి. రోడ్డు పక్కదే, ఎకరం పైన ఉండాలి, పట్టాదారు సంతకంతో. గురువారం సాయంత్రానికి నా బల్ల మీద ఉండాలి."

*

తిరుగు బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. బాలానగర్ దాటింది. రామచంద్రాపురం వచ్చింది.

"ఎందుకు రాసినవ్?" అన్నాడు నర్సింహులు.

"రాయకపోతే ఇంటికెలా వస్తానండీ?"

పటాన్‌చెరులో దిగి ఇద్దరూ ఇంటి దారి పట్టారు.

ఇంటి దగ్గర మొగులమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. జరిగిందంతా సూర్యారావు చెప్పాడు. పర్మినెంటు సంగతి మాత్రం మింగేశాడు. నర్సింహులు చెప్పేశాడు. ఈసారి దాచుకోకూడదనుకున్నాడు.

"ఆయన నౌకరి కాగితం ఆగేటట్టున్నది. తప్పు తనదేనని రాసిచ్చిండు."

మొగులమ్మ చేతిలో చీపురు కింద పెట్టింది. సూర్యారావు దగ్గరికెళ్ళి అతని రెండు చెంపలూ నిమిరి, తన కణతల దగ్గర వేళ్ళు విరిచింది.

"నీ కడుపు సల్లగుండ. పొద్దున నేనన్నయన్ని గాలికి పోవాలె బిడ్డా."

కమలాకుమారి మాత్రం ద్వారబంధం పట్టుకుని నిలబడిపోయింది.

"ఆరేళ్ళండీ," అంది మొగుడితో, అందరి ముందే. "ఈ నెల కాగితం వస్తే మా అమ్మను తెచ్చుకుందామన్నారు. నన్నొక్క మాట అడగలేదు."

"అడిగితే వద్దంటావని..."

"అనేదాన్ని కాదు." ఆమె లోపలికి తిరిగింది. "అనేదాన్ని కానని మీకు తెలియదు. అదీ నా బాధ."

తలుపు గట్టిగా వెయ్యలేదు. దగ్గరగా మాత్రం వేసుకుంది. మొగులమ్మ ఆ తలుపు తోసుకుని లోపలికెళ్ళింది. ఆ తర్వాత మొగులమ్మ ఒక్కతే మాట్లాడుతున్నట్టు వినిపించింది. తన మొగుడి మూగతనం మీద నలభై ఏళ్ళ కథలు. ఆఖరుకు కమలాకుమారి ముక్కు చీదుకుంటూ నవ్వింది.

అరుగు మీద సూర్యారావు ఖాళీ కాగితాలు లెక్కపెట్టుకుంటున్నాడు. "పంటచేలు చూపించడానికి ఊరంతా వస్తారు బాబాయిగారూ. కానీ నాది బంజరని సంతకం ఎవరు పెడతారండీ? పెట్టిన మర్నాడు అది కంపెనీ గోడ లోపల ఉంటుంది."

నర్సింహులు వాగు దిక్కు చూశాడు.

"ఎవరైనా ఉన్నారా మీ ఎరకలో?"

నర్సింహులు తుండు దులిపి భుజాన వేసుకున్నాడు. "పొద్దుగాల లేపుత. పండుకో," అన్నాడు.

*

మర్నాడు తెల్లవారుతుండగానే లేపాడు. ఇద్దరూ బొంబాయి రోడ్డు దాటి చేలోకి దిగారు. కోసిన జొన్నకొయ్యలు కాళ్ళకు గుచ్చుకుంటున్నాయి. నర్సింహులు ఆగకుండా వాగు దిక్కుకు నడిచాడు. చేను చివర, పల్లానికి, నేల రంగు మారిపోయింది. నల్లరేగడి అయిపోయి తెల్లటి చౌడు మొదలయింది. ఉప్పు చల్లినట్టుంది. తుమ్మమొక్క కూడా లేదు.

"ఇది రెండెకరాలు," అన్నాడు నర్సింహులు. "మా నాయన పెంట తోలిండు, నేను చెరువుమట్టి తోలిన. ఏమేసినా మాడిపాయె. చాకలోళ్ళు గింత మన్ను కొంచబోతరు, అంతే. వానకాలం గిట్లనే, యాసంగి గిట్లనే. నీ మిషనుకు బీడంటే ఏందో గిది చూపెట్టు."

సూర్యారావు కాగితం తీశాడు. కలం మూత తీశాడు. రాయలేదు.

"ఇది ఎవరి పట్టా అండీ?"

"నాదే."

"బాబాయిగారూ, ఇది రాస్తే మీ ఎనిమిదిలో రెండు మీ చేత్తో మీరే..."

"ఆరు మిగుల్తయ్. వాళ్ళందరియి మిగుల్తయ్."

"పిన్నిగారితో ఒక్క మాట అనుకున్నారా?"

నర్సింహులు అతని వైపు తిరిగాడు. "నిన్న నువ్వు బల్ల మీదికి వంగినప్పుడు కమలను అడిగినవా?"

సూర్యారావు కాగితం మోకాలి మీద పెట్టుకుని, తల వంచుకుని రాశాడు. సంతకానికి అందించాడు. నర్సింహులు మూడో తరగతి దాకా చదువుకున్నాడు. ఆ మూడేళ్ళ చదువులో మిగిలింది కూడబలుక్కుని చదవడం, ఈ సంతకం. ఒక్కో అక్షరం, నాగలి చాలు తిప్పినట్టు, నిదానంగా తిప్పాడు. పూర్తయ్యాక ఒకసారి చదువుకుని ఇచ్చేశాడు.

దూరంగా ఊళ్ళోంచి మొగులమ్మ వస్తోంది, నెత్తి మీద సద్దిగంప. వీళ్ళిద్దరికీ సద్ది తెస్తున్నట్టుంది. చౌడు దగ్గర వీళ్ళు నిలబడి ఉండటం ఆమె చూసింది. నడక ఆపింది.

నర్సింహులు కూడా చూశాడు. సంతకం సంగతి తన నోటితోనే చెబుదామని, ఆమె వైపు చెయ్యెత్తి రమ్మన్నాడు.

ఆమె వచ్చేదాకా ఊరికే ఉండలేదు. గట్టు మీది నుంచి పక్క చేను వైపు వేలు చూపించి, మొదలుపెట్టాడు. "ఇది బీరమ్మది, నాలుగెకరాలు. శ్రావణంల ఖాళీ. కానీ ఖాళీ అంటే ఏందో ఇను, రాసుకో. రోహిణిల ఒక్క దుక్కి. తొలివాన పడంగనే గుంటుక. మళ్ళ వాన, మళ్ళ గుంటుక. గిట్ల ఏడుసార్లు..."